ఓడిపోతున్నారని ఆట మానిపించేస్తామా?

ఊరొదిలి వచ్చి స్థిరపడ్డ మన వాళ్ల అసోసియేషన్‌లో ఈ మధ్య ఒక మాట బాగా వినిపిస్తోంది. "మా వాడు రెండేళ్లు ఆడాడండీ, టోర్నమెంట్లలో పైకి రావట్లేదు, మానిపించేసి మ్యాథ్స్ కోచింగ్‌లో వేశాం" అని. ఒంట్లో దెబ్బ తగిలో, పిల్లలకే ఇష్టం లేకో మానేస్తే వేరు. పైకి రావట్లేదని మానిపించడంతోనే నాకు పేచీ. ఎందుకంటే ఆట వల్ల పిల్లలకి వచ్చే గట్టిదనమంతా ఆ ఓడిపోయే రోజుల్లోనే వస్తుంది.

అమలాపురం కుర్రాడు, బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్ సాయిరాజ్ గురించి మనందరం గొప్పగా చెప్పుకుంటాం. చిరాగ్ శెట్టితో కలిసి 2023లో ఆసియా క్రీడల స్వర్ణం, ఆ వెంటనే డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్, గంటకు 565 కిలోమీటర్ల స్మాష్ రికార్డు, ఇవన్నీ మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగినవే. 2021లో టోక్యో ఒలింపిక్స్ సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. గ్రూపులో మూడు మ్యాచ్‌లాడి రెండు గెలిచారు, అందులో ఒకటి ఆఖరికి స్వర్ణం కొట్టిన తైవాన్ జోడీ మీద, అయినా గేముల లెక్కలో వెనకబడి క్వార్టర్స్ చేరకుండానే వెనక్కొచ్చేశారు. అలాంటి దెబ్బ తిన్న మరుసటి ఏడాదే పురుషుల జట్ల ప్రపంచ పోటీ థామస్ కప్ గెలిచిన భారత జట్టులో ఉన్నారు. 2024 పారిస్‌లో పతకం ఖాయమని అందరం అనుకుంటే క్వార్టర్స్‌లో మలేసియా జోడీ చేతిలో మొదటి గేమ్ గెలిచి కూడా ఓడారు. 2025 ఫిబ్రవరిలో సాత్విక్ వాళ్ల నాన్నగారు పోయారు. అదే ఏడాది అదే పారిస్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ క్వార్టర్స్‌లో ఆ మలేసియా జోడీనే ఓడించి కాంస్యం తెచ్చుకున్నారు.

కాకినాడలో పుట్టిన క్రికెటర్ హనుమ విహారిని కూడా తలుచుకోవాలి. 2021 జనవరిలో సిడ్నీ టెస్టు, తొడ కండరం పట్టేసి పరుగు తీయలేని స్థితి, 161 బంతులు కాచుకుని 23 పరుగులతో నాటౌట్‌గా నిలబడి అశ్విన్‌తో కలిసి మ్యాచ్ డ్రా చేశాడు. ఆ ఓర్పు ఆ ఒక్క రోజులో పుట్టుకొచ్చింది కాదు.

ఇక్కడ మన పిల్లలకి దొరకనిది ఒకటి కోనసీమ పల్లెల్లో దొరుకుతుంది. హైస్కూలు గ్రౌండులో వాలీబాల్ ఓడిన జట్టు గట్టు మీద కూర్చుని మళ్లీ వంతు వచ్చేదాకా చూడాలి, మర్నాడు పొద్దున్న తమని ఓడించిన కుర్రాళ్ల పక్కనే బెంచీ మీద కూర్చోవాలి, సాయంత్రం మళ్లీ వాళ్లతోనే ఆడాలి. మొహం చాటేయడానికి చోటుండదు. అలా అలవాటైన పిల్లలకి పరీక్ష పోయినా ఉద్యోగం రాకపోయినా కాళ్లు వణకవు, నేను చూశాను కాబట్టి చెబుతున్నాను. ఇక్కడేమో ఓడిన పది నిమిషాలకి కారెక్కేస్తాం, ఇల్లు చేరేదాకా ఎక్కడెక్కడ తప్పు చేశాడో మనమే లెక్కలు తీస్తాం. దయచేసి ఆ ఒక్క దారి పొడుగునా ఆట మాట ఎత్తకండి. మళ్లీ ఎప్పుడు ఆడాలో వాళ్లనే అడగనివ్వండి.

ఈ సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లు పిల్లల్ని చుట్టాలిళ్లకే కాదు, సాయంత్రాలు హైస్కూలు గ్రౌండుకి కూడా పంపండి, గెలిచినా ఓడినా వారం పాటు అక్కడి పిల్లలతోనే ఆడనివ్వండి. మీరు వెళ్లి పీఈటీ మాస్టారిని కలిసి నెట్టు కావాలో, షటిల్ కాక్‌లు కావాలో, కోర్టుకి లైటు కావాలో అడిగి కొనిచ్చి రండి.