గొయ్యి తీయకముందు చెప్పే అంకె

స్థలం చూపించిన రోజే ‘ఇల్లు ఎంతలో తేలుతుంది?’ అని అడగడం యజమాని తప్పు కాదు. నేల తవ్వకుండా, ప్లాను గీయకుండా ఒకే అంకె చెప్పేయడం మాత్రం ఇంజినీరు తప్పే. శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డుకు దగ్గరలోని ఒక స్థలంలో నా కళ్లముందే ఇది జరిగింది. పన్నెండు వందల అడుగుల ఇల్లు, అడుగుకు రెండు వేలు, వెరసి 24 లక్షలని ఇంజినీరు నోటిలెక్కగా చెప్పారు. నెల తిరగకుండా పునాదికి గొయ్యి తీస్తే అయిదడుగులకే ఊట తగిలింది. నీళ్లు తోడే మోటారు, అడుగున పోసే ఇసుక, అనుకున్నదానికంటే వెడల్పయిన ఫుటింగులు (స్తంభాల అడుగున పోసే దిమ్మెలు) ఒక్కొక్కటిగా లెక్కలోకి వచ్చాయి. అంకె పెరిగినప్పుడల్లా యజమాని నోట ఒకటే మాట: ‘ఇరవై నాలుగన్నారు కదండీ!’

అంచనాలకు ప్రమాణాలు రూపొందించే ఏఏసీఈ అనే అంతర్జాతీయ సంస్థ, పారిశ్రామిక నిర్మాణాల అంచనాలను అయిదు తరగతులుగా విడదీసింది. వివరాలు దాదాపు లేని దశలో వేసే అయిదో తరగతి లెక్కకు, పైకి 30 నుంచి 100 శాతం, కిందికి 20 నుంచి 50 శాతం తేడా సహజమని ఆ పట్టిక చెబుతుంది. అంత అనుభవమున్న రంగమే తొలి లెక్కకు ఇంత ఎడం విడిచిపెడుతుంటే, ఊట ఎక్కడుందో తెలియని స్థలానికి ఒకే అంకె ఎలా చెబుతాం?

‘ఇంత నుంచి ఇంత’ అంటే పని పక్కవాడికి పోతుందన్నది ఇంజినీర్ల భయం. కొన్ని పనులు పోతాయి కూడా. అయితే చేతికి దక్కిన పనిలో సగం రోజులు తగాదాకే పోవడం అంతకంటే పెద్ద నష్టం.

ప్రభుత్వ పనుల్లో ఈ జబ్బు మరింత ముదిరింది. ప్రాథమిక అంచనాపై పరిపాలన అనుమతి, సవివర అంచనాపై సాంకేతిక అనుమతి అని నిబంధనల్లోనే రెండు మెట్లున్నాయి. జనం చెవిన పడేది మాత్రం మొదటి అంకె ఒక్కటే. పోలవరం అంచనా 2005-06 ధరల్లో రూ.10,151 కోట్లు, 2017-18 ధరల్లో రూ.55,548 కోట్లు. ఆ పెరుగుదలలో సింహభాగం 2013 భూసేకరణ చట్టం తరువాత పెరిగిన పరిహారం, పునరావాసానిదే. వంశధార ప్రాజెక్టు నిర్వాసితుల గోడు విన్న మన శ్రీకాకుళం జిల్లావాసులకు ఆ పద్దు బరువు వేరే చెప్పనక్కరలేదు. పరిహారం, పునరావాసం లెక్క తేలకముందే ప్రకటించిన అంకె, గొయ్యి తీయకముందు చెప్పిన 24 లక్షల వంటిదే.

ఆ యజమానికి మొదటిరోజే ఒక కాగితం అందవలసింది: ‘నేల చూడకముందు వేసిన లెక్క, 20 నుంచి 32 లక్షల మధ్య, గొయ్యి తీసిన వారంలో మళ్లీ లెక్క కట్టి ఇస్తాం.’ శంకుస్థాపన శిలాఫలకం మీద ప్రాజెక్టు ఖర్చు పక్కనా ఇలాంటి వాక్యమే చెక్కించాలి.