సొమ్ములో వాటా సరే, పాపంలో?

దోపిడీ సినిమా చూసొచ్చాక జగదాంబ సెంటర్లో టీ తాగుతూ మా వాళ్లు మాట్లాడుకునేదంతా ప్లాన్ గురించే. లాకర్ ఎలా తెరిచారు, కెమెరాను ఎలా ఏమార్చారు, వ్యాన్ ఎక్కడ మార్చారు. నాకైతే లాకర్ తెరుచుకున్నాకే అసలు టెన్షన్. డబ్బు చేతికొచ్చింది, ఇక ఎవడు ఎవడి పక్కన నిలబడతాడు?

ఈ ప్రశ్న మనకు కొత్తదేం కాదు. దారి కాచి దోచుకునే రత్నాకరుణ్ణి ఆపి, నీ పాపంలో వాటా తీసుకుంటారేమో ఇంట్లోవాళ్లను అడిగి రారా అన్నాడు నారదుడు. తెచ్చింది తింటాం గానీ పాపం నీదే అన్నారు పెళ్లాం పిల్లలు. అతను వాల్మీకి అయ్యాడన్నది తర్వాతి సంగతి, నాకు కథంతా ఆ ఇంటి గుమ్మం దగ్గరే కనిపిస్తుంది. దోపిడీ సినిమాల్లో ముఠా అంటే ‘పాపంలోనూ వాటా తీసుకుంటాం’ అని ముందే ఒప్పుకున్న జనం. ఆ ఒప్పందానికే అక్కడ విశ్వాసం అని పేరు.

1955లో వచ్చిన ఫ్రెంచి సినిమా ‘రిఫిఫీ’ చూడండి. అందరూ అందులో అరగంట దాకా మాట లేకుండా, సంగీతం లేకుండా సాగే దొంగతనం గురించే చెబుతారు, అది గొప్పదే, కాదనను. నన్ను వదలని సీను వేరే ఉంది. ముఠాలో సెజార్ అనేవాడు కొట్టేసిన సరుకులోంచి ఒక ఉంగరం తీసి పాటలు పాడే అమ్మాయికిస్తాడు, దాంతో గుట్టు రట్టవుతుంది, అవతలి ముఠాకు పట్టుబడ్డాక భయపడి తోటివాడి పేరు చెప్పేస్తాడు, ఆ తోటివాడూ అతని భార్యా ప్రాణాలు పోగొట్టుకుంటారు. ముఠా నాయకుడు టోనీ వచ్చేసరికి సెజార్ కట్టేసి ఉంటాడు. టోనీకి వాడంటే ఇష్టమే, అయినా కాల్చేస్తాడు. ఇక్కడ గమనించాల్సిందేంటంటే, ఆ సెజార్ వేషం వేసింది దర్శకుడు జూల్స్ డాసినే. హాలీవుడ్‌లో తోటి దర్శకులు కమ్యూనిస్టని తన పేరు చెప్పడంతో బ్లాక్‌లిస్టులో పడి, పని దొరక్క యూరప్ వెళ్లిన మనిషి, పేరు చెప్పేసినవాడి వేషం తనే కట్టాడు! పైగా వాణ్ణి రాక్షసుడిలా చూపించలేదు, భయపడ్డ మామూలు మనిషిలా చూపించాడు.

వాటాలంటే దొంగలకే కాదు లెండి. మా చిన్నాన్న ఇక్కడ ఫిషింగ్ హార్బర్‌లో బోటు నడిపే సరంగు. పది పదిహేను రోజులు సముద్రం మీద తిరిగొచ్చి, వేలంపాట అయ్యాక, డీజిల్, ఐసు, రేషన్ ఖర్చులు తీసేసి లెక్క తేల్చుకునేటప్పుడు చూడాలి వాళ్ల మొహాలు. ఓసారి మూడో రోజే ఒక కలాసీకి వల లాగే తాడు తగిలి చెయ్యి తెగింది. మిగతా రోజులన్నీ కూర్చునే ఉన్నాడు కదా, వాడికి పూర్తి వాటా ఎందుకని గొడవ. చిన్నాన్న చాలాసేపు ఏమీ అనకుండా బీడీ కాల్చుకుని, “ఆడి సెయ్యి తెగింది మన తాడుకే గదరా” అన్నాడు. వాటా ఇచ్చారు, మూతులు ముడుచుకునే ఇచ్చారనుకోండి.

చేసిన పాపానికి పరిహారం సంగతికొస్తే నాకు శర్విలకుణ్ణి మించినవాడు దొరకలేదు. శూద్రకుడి సంస్కృత నాటకం ‘మృచ్ఛకటికం’లో కన్నపు దొంగ. ఇటుక గోడకు పూర్ణకుంభం ఆకారంలో కన్నం వేస్తే అందంగా ఉంటుందని ముచ్చటపడతాడు, కొలతాడు మర్చిపోయి జంధ్యంతో కొలుస్తాడు. మదనికను దాస్యం నుంచి విడిపించుకోవడానికి నగలు దొంగిలిస్తే, అవి ఆమె యజమానురాలు వసంతసేన దాచమని ఆ ఇంటి చారుదత్తుడికి ఇచ్చినవేనని తేలుతుంది. మదనిక సలహాతో, చారుదత్తుడు పంపాడని చిన్న అబద్ధమాడి తిరిగిచ్చేస్తాడు. వసంతసేన మదనికను అతనికే ఇచ్చి పంపిస్తే, బండెక్కారో లేదో స్నేహితుడు ఆర్యకుణ్ణి రాజు బంధించాడన్న వార్త. కొత్త పెళ్లాన్ని ఇంకో స్నేహితుడింటికి పంపేసి ఆర్యకుడి చెర విడిపించడానికి పోతాడు.

మన తెలుగు సినిమా దొంగకు ఇంత కష్టం ఉండదు. అన్యాయమైపోయిన నాన్నో, ఆపరేషన్ కావాల్సిన చెల్లెలో ఫ్లాష్‌బ్యాక్‌లో రెడీగా ఉంటారు, దొంగతనం చెయ్యకముందే పాపం కడిగేస్తారు. తర్వాత ఇక మారడానికి ఏముంటుంది, పాట తప్ప.

మైఖేల్ మన్ తీసిన ‘హీట్’ (1995)లో శర్విలకుడి బండి సీను మళ్లీ కనిపించింది నాకు. దొంగల ముఠా నాయకుడు నీల్ డబ్బుతో, ప్రేమించిన అమ్మాయితో ఎయిర్‌పోర్టుకి వెళ్తున్నాడు. పోలీసుల వేడి తగిలితే 30 సెకన్లలో దేన్నయినా వదిలి వెళ్లిపోగలగాలన్నది అతని రూలు. దారిలో, ముఠాను అమ్మేసిన వెయిన్‌గ్రో ఏ హోటల్లో ఉన్నాడో తెలుస్తుంది. కారు తిప్పుతాడు. అమ్మాయిని కార్లో కూర్చోబెట్టి వెళ్లి వాణ్ణి చంపుతాడు, చివరికి తనూ పోతాడు. దీన్ని విశ్వాసం అంటారు చాలామంది. నాకలా అనిపించదు. శర్విలకుడు బండి దిగింది బతికున్న స్నేహితుడి కోసం, నీల్ దిగింది పగ కోసం. అతను వెళ్లినందువల్ల చచ్చిపోయినవాళ్లలో ఒక్కడూ తిరిగి రాడు. మొదటి దోపిడీలో చనిపోయిన గార్డుల ఇంట్లో ఎవరున్నారో సినిమాకు పట్టనే పట్టదు.

అదే సినిమాలో బ్రీడన్ అని ఒకడున్నాడు, ఎవరూ తలుచుకోరు. జైలు నుంచొచ్చి హోటల్లో వంట చేస్తుంటాడు, పెరోల్ మీద ఉన్నాడని తెలిసి యజమాని జీతంలో నాలుగో వంతు నొక్కేస్తుంటాడు. భార్య ధైర్యం చెబుతుంది, పళ్లు బిగబట్టి పని చేస్తుంటాడు. బ్యాంకు దోపిడీ రోజున డ్రైవర్ కావాలని నీల్ వచ్చి అడిగితే రెండు క్షణాలు ఆలోచించి సరేనంటాడు. ఆ పూటే స్టీరింగ్ మీద చచ్చిపోతాడు. నిజంగా మారాలని చూసింది ఆ సినిమాలో వాడొక్కడే, వాణ్ణి వెనక్కి లాగింది పాత స్నేహమే. అతని వార్త టీవీలో వస్తుంటే ఆమె అలా చూస్తూ నిలబడిపోతుంది. ఆమెకు సొమ్ములో వాటా ఎవరూ తెచ్చివ్వలేదు.