ఆరుగురు హీరోలను పెట్టి టీమ్ అనకండి

పోకెమాన్ వీడియో గేమ్ ఆడే మా విజయవాడ బ్యాచ్‌లో ఎవరిని కదిపినా "నాది బ్యాలెన్స్‌డ్ టీమ్" అనే అంటాడు. ఎలా రా అని అడిగితే ఒక ఫైర్ టైప్ ఉంది, ఒక వాటర్ ఉంది, ఒక గ్రాస్, ఒక డ్రాగన్, ఒక స్టీల్, ఒక ఘోస్ట్, ఇంకేం కావాలి అంటాడు. తెరిచి చూస్తే ఆరూ కొట్టేవే. ఒక్కదానికీ ప్రొటెక్ట్ (ఆ టర్నుకి తన మీద పడే దెబ్బల్ని ఆపే మూవ్) ఉండదు, పక్కదాన్ని కాపాడే మూవ్ ఉండదు, స్పీడ్ మార్చే ఉపాయం ఉండదు. ఎవడి గోల వాడిదే. దీన్ని బ్యాలెన్స్ అంటే నాకు ఒళ్ళు మండుతుంది, అందుకే ఈ పోస్ట్. పెద్దదే, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

పోకెమాన్ డబుల్స్ గురించి, అంటే రెండేసి పోకెమాన్లు ఒకేసారి తలపడే ఆట గురించి మాట్లాడుతున్నా. 2009 నుంచి అధికారిక వీజీసీ (వీడియో గేమ్ ఛాంపియన్‌షిప్స్) పోటీలు జరిగేది ఈ పద్ధతిలోనే. ఆరు పోకెమాన్లతో వస్తారు, ఎదుటివాళ్ళ ఆరింటినీ చూస్తారు, 90 సెకన్లలో మీ ఆరింటిలో నాలుగు ఎంచుకుంటారు, అందులో రెండు ముందు నిలబడతాయి. అన్నీ లెవెల్ 50కి వస్తాయి, ఒకే ఐటమ్ (పోకెమాన్ చేతికిచ్చే వస్తువు) రెండింటికి పెట్టకూడదు. ఇప్పుడు పెద్ద పోటీల్లో టీమ్ షీట్ కూడా బహిరంగమే, అంటే మీ మూవులు, ఐటమ్‌లు, ఎబిలిటీలు (వాటికవే పనిచేసే గుణాలు), టెరా టైప్ (ఆట మధ్యలో మార్చుకునే టైప్) అవతలివాళ్ళ చేతిలో కాగితం మీద ఉంటాయి. "వాడికి తెలియకుండా భలే దెబ్బ కొడతా" అనే ప్లాన్ అక్కడితో చెల్లిపోయింది.

ఇక్కడ చిన్న లెక్క. ఆరింటిలో నాలుగు ఎంచుకునే దారులు 15. ఆ నాలుగింటిలో ముందు నిలబెట్టే జంటలు 6. మొత్తం 90 రకాలుగా మీరు ఆట మొదలుపెట్టొచ్చు. నా దృష్టిలో బ్యాలెన్స్ అంటే ఈ 90లో ఎన్ని పనికొస్తాయి అనేదే. టైపుల జాబితా కాదు. హీరోల టీమ్‌ని ఈ లెక్కలో పెట్టి చూడండి, ఎటు తిప్పినా ఒకటే ప్లాన్: నేను ముందు కొడతా, వాడు పడిపోవాలి. వాడు పడకపోతే? దానికి జవాబు లేదు.

అసలు రోగం ఎక్కడుందంటే మనవాళ్ళంతా సింగిల్స్ ఆడి వచ్చినవాళ్ళు. అక్కడ ఒకటికి ఒకటి కాబట్టి, ఫైర్ దెబ్బ వస్తుందంటే వాటర్‌ని దించుతారు, స్టెల్త్ రాక్ (కొత్తగా దిగే ప్రతిదానికీ గుచ్చుకునే రాళ్ళు) వేసి ముప్పై టర్నులు నెమ్మదిగా నలుపుతారు. డబుల్స్‌లో అంత తీరిక ఎవరికీ లేదు, చాలా ఆటలు పది టర్నుల లోపే తేలిపోతాయి. ఎంత గట్టి గోడను నిలబెట్టినా రెండు వైపుల నుంచి రెండు దెబ్బలు ఒకేదాని మీద పడితే కూలుతుంది. కాబట్టి నా పోకెమాన్ దేన్ని తట్టుకుంటుంది అనే ప్రశ్న ఒక్కటే సరిపోదు, పక్కనున్నది ఉండగా ఏం తట్టుకుంటుంది, పక్కదానికి ఏ పని చేసి పెడుతుంది అని కూడా అడగాలి. పటమట వైపు ఇండోర్ కోర్టుల్లో పొద్దున్నే షటిల్ ఆడే అంకుల్స్‌ని చూడండి. పొట్టలు ముందుకొచ్చి ఉంటాయి, పరిగెత్తరు, కానీ నెట్ దగ్గర ఎవరు, వెనక ఎవరు అనేది మాట్లాడుకోకుండానే తెలుసు. సింగిల్స్‌లో దుమ్ము లేపే కాలేజీ కుర్రాళ్ళిద్దరు వాళ్ళ ముందు ఒకే కాక్ కోసం ఉరికి బ్యాట్లు తగిలించుకుంటారు.

మొన్నామధ్య ఆదివారం మొగల్రాజపురంలో మా ఫ్రెండ్ వాళ్ళ మేడ మీద ఆడుతున్నాం. మా పిన్ని కొడుకు ఒకడు, గుంటూరు నుంచి వచ్చిన అక్క ఒకరు. (మా దగ్గర స్విచ్ ఉన్నవాళ్ళు తక్కువ, అందరం ఫోన్ బ్రౌజర్‌లో పోకెమాన్ షోడౌన్ మీదే ఆడతాం. పైసా ఖర్చు లేదు, టీమ్ మార్చాలంటే నిమిషం పని. కాబట్టి "నా దగ్గర మంచి పోకెమాన్ లేదు" అనే సాకు కూడా లేదు.) వీడు గార్‌చాంప్, గోల్డెంగో దించాడు. విడివిడిగా చూస్తే రెండూ హేమాహేమీలు. ఆవిడ ఇన్సినెరోర్, విమ్సికాట్ దించింది. ఇన్సినెరోర్ వస్తూనే దాని ఎబిలిటీ ఇంటిమిడేట్ పనిచేసి వీడి రెండింటి అటాక్ మూడింట రెండొంతులకు పడిపోయింది. మొదటి టర్నులో అది గార్‌చాంప్‌ని ఫేక్ అవుట్‌తో ఒక్క చరుపు చరిచింది, గార్‌చాంప్ కదల్లేదు. విమ్సికాట్ టెయిల్‌విండ్ వేసి తమ జట్టు స్పీడ్ రెట్టింపు చేసింది. గోల్డెంగో మేక్ ఇట్ రెయిన్ కొడితే విమ్సికాట్ ఫోకస్ సాష్ అనే ఐటమ్ వల్ల ఒక్క పాయింట్ ప్రాణంతో మిగిలింది.

ఇప్పుడు రెండో టర్ను. వీడి మొహంలో ఆనందం చూడాలి. ఒకటి చావడానికి సిద్ధంగా ఉంది, రెండోది గ్రౌండ్‌కి బలహీనం, ఇంకేం, పక్కనున్న సొంతదానితో సహా అన్నిటికీ తగిలే గ్రౌండ్ దెబ్బ ఎర్త్‌క్వేక్ నొక్కాడు. అటు విమ్సికాట్‌ని షాడో బాల్‌తో కొట్టమని గోల్డెంగోకి చెప్పాడు. ఆవిడ ఇన్సినెరోర్‌ని వెనక్కి పిలిచి డ్రాగోనైట్‌ని దించింది, విమ్సికాట్‌తో ప్రొటెక్ట్ వేయించింది. డ్రాగోనైట్ గాల్లో ఉంటుంది, విమ్సికాట్ ప్రొటెక్ట్ వెనక ఉంది. ఆ ఎర్త్‌క్వేక్ తగిలింది ఒక్కదానికే: పక్కనే నిలబడిన సొంత గోల్డెంగోకి. సగానికి పైనే ప్రాణం పోయింది. షాడో బాల్ వెళ్ళి ప్రొటెక్ట్‌కి తగిలి ఆగిపోయింది. ఒక్క టర్నులో ఆవిడ ఒక్క దెబ్బ కూడా కొట్టకుండా వీడి ఆట సగం ముగించింది. మనవాడు ఫోన్ పక్కన పడేసి "ప్రొటెక్ట్ నొక్కి గెలవడం కూడా ఒక గెలుపేనా అక్కా" అన్నాడు. ఆవిడ "నీ గోల్డెంగోని నేను కొట్టలేదు తమ్ముడూ" అంది. అంతే, సాయంత్రమంతా వాణ్ణి అదే మాటతో ఆడుకున్నాం.

వాడొక్కడే కాదు, ప్రొటెక్ట్ అంటే పిరికితనం అనుకునేవాళ్ళు సగం మంది ఉన్నారు. నేనైతే తిరగేసి చెప్తా: చాయిస్ ఐటమ్ (ఒకే మూవ్‌కి కట్టేసేది), అసాల్ట్ వెస్ట్ (కొట్టే మూవులే వేయనిచ్చేది) లాంటి కారణం ఉంటే సరే, లేకపోతే ప్రొటెక్ట్ ఎందుకు పెట్టలేదో మీరే సంజాయిషీ ఇచ్చుకోవాలి. దాని అసలు లాభం బతకడం కాదు. అవతలివాళ్ళు రెండు దెబ్బలూ దాని మీదే వేస్తే రెండూ వృథా, ఈలోపు మీ రెండోది తన పని హాయిగా చేసుకుంటుంది. వాళ్ళ టెయిల్‌విండ్ ఉండేది వేసిన టర్నుతో కలిపి నాలుగు టర్నులే. అందులో ఒకటి ప్రొటెక్ట్‌తో తినేస్తే పావు వంతు పోయినట్టే. వరసగా రెండోసారి వేస్తే పనిచేసే అవకాశం మూడింట ఒకటికి పడిపోతుంది కాబట్టి ఎప్పుడు వేయాలనేదే ఆట.

స్పీడ్ సంగతికొద్దాం, ఎందుకంటే బ్యాలెన్స్ పేరుతో ఎక్కువ కంగాళీ జరిగేది ఇక్కడే. ఎవరో చెప్తారు, టెయిల్‌విండ్ ఉండాలి, ట్రిక్ రూమ్ (నెమ్మదివి ముందు కదిలేలా తిప్పేసే మూవ్) కూడా ఉండాలి అని. వెంటనే మనవాడు మూడు వేగంగా పరిగెత్తేవి, మూడు టోర్కోల్ లాంటి బరువైనవి పెట్టేస్తాడు. టోర్కోల్ బేస్ స్పీడ్ (పుట్టు వేగం) 20, ట్రిక్ రూమ్‌లో అది ఎరప్షన్ అనే పెద్ద ఫైర్ దెబ్బ వేస్తే చూడటానికి బాగానే ఉంటుంది. కానీ ట్రిక్ రూమ్ పడగానే మిగతా మూడూ దండగ, పడకపోతే ఇవి మూడూ దండగ. ఒకే పెట్టెలో రెండు సగం టీములు. నేను అడిగేది వేరు. మీ ప్లాన్ టెయిల్‌విండే అయినా, అవతలివాళ్ళు ట్రిక్ రూమ్ వేస్తే అందులో ముందు కదిలేది మీ దగ్గర ఒక్కటైనా ఉందా? అమూంగస్ బేస్ స్పీడ్ 30. వాళ్ళు కష్టపడి వేసుకున్న ట్రిక్ రూమ్‌లో మీ అమూంగస్ ముందు లేచి వాళ్ళ మీదే నిద్రపుచ్చే స్పోర్ చల్లుతుంది, లేదా రేజ్ పౌడర్‌తో పక్కదానికి గురిపెట్టిన దెబ్బల్ని తన మీదకి లాక్కుంటుంది. వాళ్ళ దగ్గర గ్రాస్ టైప్ ఉంటేనో, పొడుల్ని అడ్డుకునే సేఫ్టీ గాగుల్స్ ఉంటేనో కుదరదు, అది టీమ్ షీట్‌లో కనిపిస్తూనే ఉంటుంది. టెయిల్‌విండ్ టీమ్‌లో ఇంత నెమ్మది పోకెమాన్ ఎందుకు అని నవ్వేవాళ్ళకి ఇదే నా జవాబు.

ఇక ఇన్సినెరోర్. "ఎవడి టీమ్ చూసినా ఆ పిల్లి ఒకటే, బోర్ అన్నా" అంటారు. నిజమే, బోరే. కానీ అది అందంగా ఉందని ఎవరూ పెట్టుకోవట్లేదు. వస్తూనే ఇద్దరి అటాక్ తగ్గిస్తుంది, ఫేక్ అవుట్‌తో ఒక టర్ను కొనిస్తుంది, పార్టింగ్ షాట్‌తో ఇంకొకరిని బలహీనం చేసి తను జారుకుంటుంది, మళ్ళీ వస్తే మళ్ళీ ఇంటిమిడేట్. అది చంపేది తక్కువ, పక్కది చంపడానికి దారి వేసేది ఎక్కువ. మనవాళ్ళకి ఈ పనే నచ్చదు. అందరికీ ఆఖరి దెబ్బ తనదే కావాలి. దాన్ని ఆడకపోయినా పర్వాలేదు, కనీసం అది ఎదురుగా ఉంటుందని అనుకుని టీమ్ కట్టండి. ఆరూ ఫిజికల్ అటాకర్లే (అటాక్ స్టాట్‌తో కొట్టేవే) అయితే ఆ ఒక్క పిల్లి వచ్చి పోతూ ఆట ముగించేస్తుంది. ఒకటో రెండో స్పెషల్ అటాకర్లు (స్పెషల్ అటాక్ స్టాట్‌తో కొట్టేవి), కుదిరితే డిఫయంట్ ఎబిలిటీ ఉన్న కింగంబిట్ పెట్టుకోండి. ఇంటిమిడేట్ పడితే దాని అటాక్ తగ్గకపోగా పెరుగుతుంది, కాబట్టి అవతలివాళ్ళు ఇన్సినెరోర్‌ని దించాలా వద్దా అని ఆ 90 సెకన్లలోనే టెన్షన్ పడతారు. కింగంబిట్ ఆడకపోయినా, టీమ్‌లో ఉన్నందుకే వాళ్ళ ఎంపిక మారుతుంది. బెంచీ మీద కూర్చుని కూడా పని చేయడం అంటే ఇదే.

పాయింట్లు పంచడంలో కూడా ఇదే బద్ధకం. ఈవీలు (ఒక్కో పోకెమాన్ స్టాట్లకి మనం పంచే పాయింట్లు) మొత్తం 510, ఒక్కో స్టాట్‌కి 252 దాకా. మనవాళ్ళు కళ్ళు మూసుకుని అటాక్ 252, స్పీడ్ 252, మిగిలిన ఆరులో నాలుగు ప్రాణానికి. లెవెల్ 50లో మొదటి నాలుగు ఈవీలకి ఒక పాయింట్, తర్వాత ప్రతి ఎనిమిదికీ ఒకటి, అంటే 252కి వచ్చేది 32 పాయింట్లు. టెయిల్‌విండ్ కిందే ఆడేదానికి స్పీడ్‌లో మొత్తం 32 ఎందుకు? దేన్ని దాటాలో చూసుకుని అక్కడ ఆపి, మిగిలినవి ఒక ఫలానా దెబ్బని తట్టుకునేలా ప్రాణానికో డిఫెన్స్‌కో వేయొచ్చు. దెబ్బల లెక్క చూపే కాలిక్యులేటర్ ఉచితంగా దొరుకుతుంది, పది నిమిషాల పని. సినిమా టికెట్ బుక్ చేయడానికి అరగంట సీట్లు చూసేవాడు ఇది మాత్రం చేయడు.

ఇంత చెప్తే ఎవడో ఒకడు తప్పకుండా పచిరిసు కథ ఎత్తుతాడు. 2014లో వాషింగ్టన్ డీసీలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ని దక్షిణ కొరియాకి చెందిన సెజున్ పార్క్ ఆ చిన్న ఉడుతతో గెలిచాడు కదా, కాబట్టి ఇష్టమైనదాంతో ఎవరైనా గెలవొచ్చు అని. ఈ కథ చెప్పేవాళ్ళంతా సగమే చెప్తారు. అతని టీమ్‌లో గ్యారడాస్ ఉంది, దానికి ఎలక్ట్రిక్ దెబ్బంటే ప్రాణగండం. పచిరిసుకి వోల్ట్ అబ్సార్బ్ ఉంది, ఎలక్ట్రిక్ తగిలితే ప్రాణం పెరుగుతుంది. పైగా ఫాలో మీ ఉంది, దెబ్బని తన వైపు తిప్పుకుంటుంది. నజల్‌తో పారలైజ్ చేస్తుంది, సూపర్ ఫ్యాంగ్‌తో ఎంత బలమైనదాన్నైనా ఉన్న ప్రాణంలో సగానికి కోస్తుంది. ముద్దొచ్చి పెట్టుకోలేదు సార్, పక్కదానికి ఏం కావాలో చూసి పెట్టాడు. మీరు పికాచుని పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు, కానీ దాని పక్కన నిలబడేదానికి అది ఏం చేస్తుందో చెప్పండి.

గెలిచిన టీమ్‌ని ఉన్నదున్నట్టు కాపీ చేసి దించుకునేవాళ్ళని మర్చిపోయాననుకోకండి. వాళ్ళ మీద నాకు కోపం తక్కువ. నేర్చుకోవడానికి అదే మంచి దారి కూడా. కానీ దించుకున్నాక రెండు ఆటలు ఓడి ఒక పోకెమాన్ తీసేసి తనకిష్టమైన చారిజార్డ్‌ని ఇరికిస్తారు చూడండి, అక్కడ వస్తుంది తంటా. తీసేసింది ఫరిజిరాఫ్ అనుకోండి. దాని ఆర్మర్ టెయిల్ ఎబిలిటీ వల్లే పక్కదాని మీద ఫేక్ అవుట్ పడకుండా ఆగుతోందని ఇతనికి తెలియదు. అది పోయాక మిగతా ఐదూ ఏదో ఒకచోట కుంటుతాయి. అప్పుడు "ఈ టీమ్ వేస్ట్, ఓవర్‌రేటెడ్" అని తీర్పు. ఒక ఇటుక పీకి గోడ బాలేదన్నట్టు.

నన్ను టీమ్ చూడమని అడిగేవాళ్ళకి ఒక షరతు. ఆరు బొమ్మల స్క్రీన్‌షాట్ పంపకండి, అది చూసి నేనేమీ చెప్పలేను. మూడు రకాల ఎదుటి టీములు రాసుకోండి: ఒకటి టెయిల్‌విండ్, ఒకటి ట్రిక్ రూమ్, ఒకటి ఇన్సినెరోర్, అమూంగస్ పెట్టుకుని సాగదీసేది. ఒక్కోదానికి మీ ఆరింటిలో ఏ నాలుగు, ముందు ఏ రెండు, మొదటి టర్నులో ఏం నొక్కుతారు, అది ఫలించకపోతే రెండో టర్నులో ఏం చేస్తారు. ఏ నాలుగులోకీ రాని పోకెమాన్ ఒకటి తేలుతుంది, దాన్ని ముందు మార్చండి. మూడింటికీ అవే నాలుగు వస్తే మిగతా రెండూ అలంకారం. ఇది రాసి పంపిస్తే చారిజార్డ్ ఉన్నా సరే, రాత్రి పన్నెండైనా కూర్చుని చూస్తా. గుంటూరు వాళ్ళు వచ్చే ఆదివారం తొందరగా బయల్దేరండి, ఎండ ఎక్కితే మేడ మీద కూర్చోలేం. మా పిన్ని కొడుకు కొత్త టీమ్ తెస్తానన్నాడు, గార్‌చాంప్ పక్కన ఈసారి ఎగిరేదాన్ని పెట్టాడట.