ఉపకళా కణజాలం పని కప్పి ఉంచడమే కాదు
చర్మం పైనా, అవయవాల లోపలి గోడల మీదా పరుచుకుని ఉండే కణాల పొరే ఉపకళా కణజాలం. అది శరీరాన్ని కప్పి ఉంచే రక్షణ పొర మాత్రమే అని మీ వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. చర్మం వరకైతే సరే, అక్కడ కణాలు వరుసల మీద వరుసలుగా ఉండి ఒరిపిడిని తట్టుకుంటాయి. కానీ ఊపిరితిత్తుల వాయుగోణుల్లో (చిన్న చిన్న గాలి సంచుల్లో) ఉండేది ఒకే ఒక్క వరుస పలుచని కణాలు. అంత పలుచన కాబట్టే ఆక్సిజన్ రక్తంలోకి దాటుతుంది. చిన్నపేగులో స్తంభాకార కణాలు జీర్ణమైన ఆహారాన్ని పీల్చుకుంటాయి, మూత్రపిండాల నాళికల్లో ఘనాకార కణాలు నీటిని, లవణాలను వెనక్కి తీసుకుంటాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో తొమ్మిదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెబుతాను. చాలామంది "కప్పి ఉంచును" అనే ఒక్క ముక్క బట్టీ పట్టి వస్తారు, అదే నా బాధ. మన రోడ్ల మీద పీల్చే దుమ్మును శ్వాసనాళంలోని జిగురు పట్టుకుంటుందని, కణాల మీద సన్నని వెంట్రుకల్లా ఉండే శైలికలు ఊగుతూ దాన్ని గొంతువైపు నెట్టేస్తాయని, సిగరెట్ పొగ ఆ శైలికలనే దెబ్బతీస్తుందని చెప్పాక గానీ వాళ్లు ప్రశ్నలు అడగరు. ఇంకో మాట, ఈ కణజాలంలో రక్తనాళాలు ఉండవు. కిందున్న, అవయవాల భాగాలను కలిపి ఉంచే సంయోజక కణజాలం నుంచి, ఆధార త్వచం అనే పలుచని పొర గుండా పోషకాలు అందుతాయి. ఇది వ్యాసంలో లేదు, దయచేసి చేర్చండి.