సీసాలు వేలాడదీస్తే పనిగది సర్దినట్టు కాదు

ఇంట్లో చిన్నపాటి పనిగది పెట్టుకున్నవారి మధ్య ఒక సలహా కొన్నేళ్ళుగా ఫొటోలతో సహా చేతులు మారుతూనే ఉన్నది. ఖాళీ అయిన పచ్చడి సీసాల మూతలను, కాఫీ సీసాల మూతలను అల్మారా అరకు కిందివైపున స్క్రూలతో బిగించి, సీసాలో మేకులో నట్లో పోసి, దానిని కిందినుంచి మూతలోకి తిప్పి వేలాడదీయాలన్నది ఆ సలహా. దానితోపాటు అయిదు హామీలు వస్తాయి: పైసా ఖర్చు ఉండదు, గాజులోంచి అన్నీ కనిపిస్తాయి కనుక వెతుకులాట ఉండదు, గాలి చొరదు కనుక తుప్పు పట్టదు, ఏ చిన్న సామానుకైనా ఇదే సరిపోతుంది, ఒకసారి బిగిస్తే జీవితాంతం ఉంటుంది. ఇక డబ్బాలూ సొరుగులూ కొనడం డబ్బు తగలేసుకోవడమేనన్న మాట చివర ఎలాగూ ఉంటుంది. కాకినాడలో మా ఇంటి వెనుక గదిలో ఈ సలహా ప్రకారమే నేను పద్నాలుగు సీసాలు వేలాడదీశాను. రెండేళ్ళు వాటితో పనిచేసి, ఒక్కొక్కటిగా దింపేశాను. కాబట్టి ఇక్కడ చెప్పేది వాడి చూసినవాడి అభ్యంతరమే.

ముందుగా ఖర్చు సంగతి. ఈ చిట్కా పుట్టిన చోట అల్మారా అరలు చెక్కవి అయి ఉండాలి. మన పాత ఇళ్ళలో గోడ అల్మారాల అరలు చాలావరకు కడప బండలు. బండ అడుగున స్క్రూ దిగదు. రాతి బిట్‌తో రంధ్రం చేసి గిట్టీ వేద్దామంటే, అంగుళం మందం ఉన్న బండ అంచు దగ్గర పెచ్చు లేచిపోతుంది. అందుచేత ముందు ఒక చెక్క పలక కొని, దానిని గోడకు బ్రాకెట్లతో నిలబెట్టుకోవలసి వస్తుంది. ఆ పలక చవకరకం పార్టికల్ బోర్డు అయితే స్క్రూ పట్టు నిలవదు, కనుక ప్లైవుడ్ కావాలి. మూతకు నడిమధ్యన ఒక్క స్క్రూ వేస్తే సీసాతోపాటు మూత కూడా గిర్రున తిరుగుతుంది, కనుక మూతకు రెండేసి స్క్రూలు కావాలి. ఉక్కు సాంద్రత నీటికి దాదాపు 7.85 రెట్లు, స్క్రూల మధ్య సగానికి పైగా ఖాళీయే ఉంటుందనుకున్నా, అర లీటరు సీసా నిండితే లోపలి సరుకే కిలోన్నర దాకా తూగుతుంది. అటువంటివి పద్నాలుగంటే ఇరవై కిలోలు తలకిందులుగా, రేకు మూతల ఆధారంతో వేలాడుతున్నాయన్నమాట. పైసా ఖర్చు లేదన్న మాట సీసాలకు మాత్రమే వర్తిస్తుంది. వాటిని మోసేదానికి వర్తించదు.

రెండవ హామీ, అన్నీ కనిపిస్తాయన్నది. అయిదింటిలోనూ నమ్మించే శక్తి దీనికే ఎక్కువ, నష్టం కూడా దీనివల్లే ఎక్కువ. కనిపించడం వేరు, గుర్తుపట్టడం వేరు. ఎం6 బోల్టును, పావు అంగుళం బోల్టును ఒకే సీసాలో వేసి గాజులోంచి చూడండి. ఒకటి 6 మిల్లీమీటర్లు, మరొకటి 6.35 మిల్లీమీటర్లు, ఒకదాని చుట్ల మధ్య దూరం 1 మిల్లీమీటరు, మరొకదానిది అంగుళానికి ఇరవై చుట్ల లెక్కన 1.27 మిల్లీమీటర్లు. కంటికి రెండూ కవలపిల్లలే. మన హార్డ్‌వేర్ షాపుల్లో రెండు కొలతల సరుకూ దొరుకుతుంది, పాత యంత్రాలు విప్పినప్పుడు రెండూ వస్తాయి. పావు అంగుళం నట్టును ఎం6 బోల్టుకు ఎక్కిస్తే మొదట వదులుగా, ఎంతో సాఫీగా ఎక్కుతుంది, కొన్ని చుట్లు పోయాక బిగుసుకుంటుంది. అప్పుడు పానా పట్టి బలంగా తిప్పినవాడికి రెండింటి మరలూ పాడవుతాయి. నేను ఒక మిక్సీ మోటారు బిగింపు దగ్గర చేసింది సరిగ్గా ఇదే. సీసా గాజుదే, లోపల ఉన్నది స్పష్టంగా కనిపిస్తూనే ఉన్నది.

అందుకే వెతుకులాటను తగ్గించేది పారదర్శకత్వం కాదు, చీటీ. చీటీ మీద వ్యాసమూ పొడవూ రెండూ ఉండాలి: ఎం4×20 అని. పొడవు కొలిచే పద్ధతి కూడా తలను బట్టి మారుతుంది. పైకి ఉబ్బి ఉండే తల ఉన్న స్క్రూకు తల కిందినుంచి కొలుస్తారు. చెక్కలో మునిగే చదును తల స్క్రూకు తలతో కలిపి మొత్తం కొలుస్తారు. మన వడ్రంగులు అంగుళంలో ఎనిమిదో వంతును నూలు అంటారు, చెక్క స్క్రూ లావును నంబరుతో చెబుతారు. 8 నంబరు స్క్రూ అంటే దాదాపు 4.2 మిల్లీమీటర్ల లావు. దుకాణంలో ఏ భాషలో అడుగుతామో ఆ భాషలోనే చీటీ రాసుకోవడం మేలు. ఇంత రాసి అంటించాక సీసా పారదర్శకమైనా, రేకు డబ్బా అయినా తేడా ఉండదు.

కనిపించడం గురించి ఇంకొక మాట. వేలాడే సీసాను మనం కిందినుంచి చూస్తాం, కనుక కనిపించేది అడుగున చేరిన పొర మాత్రమే. దానిలో ఉన్న ఒక్క వాషరు కావాలంటే ఒక చేత్తో సీసా పట్టుకుని, తల పైకెత్తి, మణికట్టు మెలితిప్పుతూ విప్పి, దింపి, బల్లమీద గుమ్మరించి, ఏరుకుని, మళ్ళీ నింపి, మళ్ళీ మరకు మర కలిపి బిగించాలి. తలుపు కమ్మీకి బందును ఒక చేత్తో అదిమిపట్టుకుని ఉన్నవాడికి రెండో చేయి ఒక్కటే ఖాళీ. వాడికి ఈ సీసా ఉన్నా లేనట్టే.

ఇక్కడ మన వంటింట్లోని పోపుల డబ్బాను గుర్తుచేసుకోవాలి. ఒకే మూత, లోపల ఏడు గిన్నెలు: ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, శనగపప్పు, మెంతులు, ఎండుమిర్చి, పసుపు. నూనె కాగాక అది మనకోసం ఆగదు కనుక, మూత తీసిన తరువాత ఒక్క చేతి రెండు వేళ్ళతో ఏది కావాలంటే అది అందే ఏర్పాటు అది. కిలో ఆవాలు ఎవరూ దానిలో పోయరు. ఆ కిలో పై అరలో సీసాలో ఉంటుంది, గిన్నె ఖాళీ అయినప్పుడు దానిలోంచి నింపుకుంటారు. మా అమ్మ వంటింట్లో రోజూ కళ్ళముందు ఉన్న ఈ లెక్క నా పనిగదికి కూడా వర్తిస్తుందని తట్టడానికి నాకు రెండేళ్ళు పట్టింది. సీసా నిల్వకు పనికివస్తుంది, వాడకానికి కాదు. సలహా ఇచ్చినవారు ఈ రెండింటినీ కలిపేశారు. తక్కిన పొరపాట్లలో చాలావరకు ఇందులోంచి వచ్చినవే.

తుప్పు విషయంలో మాత్రం ఆ సలహాకు న్యాయం చేయాలి. మూసిన సీసాలో చిక్కిన గాలి ఇనుమును తినేస్తుందని కొందరు ఎదురువాదం చేస్తారు; అది సరికాదు. 30 డిగ్రీల వేడిలో పూర్తిగా తడిసిన గాలి కూడా ఘనమీటరుకు దాదాపు 30 గ్రాముల నీటి ఆవిరినే మోస్తుంది. ఆ లెక్కన అర లీటరు సీసాలో ఉండేది 15 మిల్లీగ్రాములు, అంటే ఒక నీటిబొట్టులో మూడో వంతు. నిజంగా మూసి ఉంచితే అది పెద్దగా చేసేదేమీ లేదు. చిక్కు ఎక్కడంటే, వాడకానికి పెట్టుకున్న సీసాను మూసి ఉంచము. గాలిలో తేమ 60 శాతం దాటాక ఇనుము తుప్పు వేగం పుంజుకుంటుంది. సముద్రం పక్క ఊళ్ళలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ హద్దు పైనే ఉంటాం, పైగా గాలిలో ఉప్పు ఉంటుంది. తీసిన ప్రతిసారీ కొత్త గాలి, చెమట వేళ్ళ ఉప్పు లోపలికి పోతాయి.

దీనికంటే పెద్ద దోషం మూతది. ఆవకాయ సీసా మూత లోపలి అంచున మెత్తని పొర ఒకటి ఉంటుంది. ఎన్నిసార్లు కడిగినా దానిలో ఉప్పూ పులుపూ మిగిలే ఉంటాయనడానికి రుజువు, ఆ వాసన పోకపోవడమే. నా సీసాల్లో ముందుగా చెడినవి జింకు పూత వేసిన స్క్రూలు. రెండు వానాకాలాలు గడిచేసరికి వాటిమీద విభూతి రాసినట్టు తెల్లని పొర ఏర్పడింది. కాఫీ సీసాల్లో వేసిన అదే పెట్టె స్క్రూలు బాగానే ఉన్నాయి. ఈ సందర్భంలోనే మరొక జాగ్రత్త: వెనిగరు వాసన వచ్చే రకం సిలికాన్ సీలెంటు ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది, కనుక సగం వాడిన ఆ గొట్టాన్ని ఇనుప సామాను ఉన్న డబ్బాలో పెట్టకూడదు. తుప్పు ఆపవలసింది నిజంగా ఉంటే సిలికా జెల్ పొట్లం వేయాలి. నారింజ రంగు గింజలు తేమ పీల్చాక ఆకుపచ్చకు తిరుగుతాయి. ఓవెన్‌లో సుమారు 120 డిగ్రీల వద్ద వేడిచేస్తే మళ్ళీ పనికివస్తాయి.

ఏ సామానుకైనా ఇదే చాలునన్న నాలుగవ హామీని ఖండించడానికి పెద్ద శ్రమ అక్కరలేదు. డ్రిల్ బిట్లను కలిపి సీసాలో పోస్తే ఒకదాని అంచు మరొకదానికి తగిలి మొన పోతుంది. వాటికి సైజు ప్రకారం రంధ్రాలున్న దిమ్మె కావాలి, కొయ్యముక్కతో చేసుకున్నదైనా సరే. ఆకురాళ్ళదీ అదే కథ. సీఆర్2032 వంటి బిళ్ళ బ్యాటరీలను మేకులతో కలిపి ఏ పాత్రలోనూ వేయకూడదు, రెండు ధ్రువాలనూ ఒక మేకు కలిపితే షార్ట్ అవుతాయి. పిల్లలున్న ఇంట్లో అయితే అవి కంటికి కనిపించేచోటే ఉండకూడదు. ఎలక్ట్రానిక్ చిప్‌లు స్థిరవిద్యుత్తు పట్టని గులాబీ రంగు సంచుల్లోనో, నల్లని వాహక ఫోములోనో ఉండాలి. రబ్బరు రింగులు వెలుతురు తగలకుండా, సాగకుండా పడుకుని ఉండాలి. గాజు సీసా వాటికి వెలుతురునే ఇస్తుంది.

జీవితాంతం ఉంటుందన్నదానికి జవాబు మా గది నేలమీద దొరికింది. పచ్చడి సీసా మూతకు పూర్తి మర ఉండదు, అంచున నాలుగైదు చిన్న పళ్ళు మాత్రమే ఉండి పావు తిప్పుకే పట్టుకుంటుంది. ఆ పలక ఉన్న గోడకే డ్రిల్లు పెట్టిన రోజు, అదురుకు ఒక సీసా సడలి కిందికి వచ్చింది. గాజుపెంకుల్లో కలిసిన రెండు వందల చిన్న స్క్రూలను వేళ్ళతో ఏరడం ఎవరూ చేయరు. మొత్తం చేటకెత్తి పారబోశాను.

కొనడం దండగన్న మాట మిగిలింది. ఏదైనా కొనేయమని నేనూ అనడం లేదు. ఐస్‌క్రీమ్ డబ్బాల అడుగున త్రికోణంలో 5 అంకె ఉంటే అది పాలీప్రొపిలీన్. నూనెకూ గ్రీజుకూ తట్టుకుంటుంది, పడితే పగలదు. వాటిని మూతలు లేకుండా ఒక బల్ల సొరుగులో గిన్నెల్లాగా పేర్చితే పైసా లేని పోపుల డబ్బా తయారవుతుంది. అద్దంలా మెరిసే గట్టి ప్లాస్టిక్ పెట్టెలు చాలావరకు పాలీస్టైరీన్‌వి, వాటి అంకె 6. పెట్రోలు, థిన్నరు తగిలితే పగుళ్ళిస్తాయి. ఇంట్లో త్రీడీ ప్రింటరు ఉన్నవారు 2022లో జాక్ ఫ్రీడ్‌మన్ రూపొందించిన గ్రిడ్‌ఫినిటీ పద్ధతిలో, 42 మిల్లీమీటర్ల గళ్ళ కొలతకు తమకు కావలసిన గిన్నెలు తామే చేసుకుంటున్నారు. అది కూడా పోపుల డబ్బాకు చుట్టమే.

గళ్ళ పెట్టె కొనవలసి వస్తే, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొన్నా మీ వీధి చివర కొన్నా, ధర అడిగే ముందు ఒక పరీక్ష చేయండి. జేబులో రెండు ఎం3 వాషర్లు తీసుకువెళ్ళి, ఒక గడిలో వేసి, మూత మూసి, పెట్టెను తలకిందులు చేసి ఊపండి. వాషరు పక్క గడిలో తేలితే మూతకూ అడ్డుగోడకూ మధ్య సందు ఉన్నట్టే. ఆ పెట్టెను మెట్లమీదుగా ఒకసారి మోసుకెళితే మీ సర్దుబాటంతా కలగాపులగమే. గడి అడుగు మూలలు గుండ్రంగా ఉన్నాయో లేదో కూడా చూడండి, నలుచదరపు మూలలో పడుకున్న వాషరు గోటికి కూడా అందదు. లోతు రెండు వేలికణుపులు మించనక్కరలేదు. సొరుగుల బీరువా అయితే ఒక సొరుగును పూర్తిగా లాగి చూడండి. చివర ఆపే కొక్కెం లేకపోతే ఒకనాటికి అది సామానుతో సహా మీ పాదాల మీదికే వస్తుంది.

నా పద్నాలుగు సీసాల్లో మిగిలినవి నాలుగు. మూడింటిలో కిలోల లెక్కన కొన్న మేకులు కడప బండ మీద, మూతలు పైకి ఉండేలా, కూర్చుని ఉన్నాయి. నాలుగవదానిలో సిలికా జెల్ ఉన్నది.