గజ్జి వేరు, తామర వేరు: మందుల షాపుకు వెళ్లే ముందు

ఆ రోజు కర్నూలులో ఒక మందుల షాపు ముందు నిలబడి ఉన్నాను, మా చిన్నాయనకు బీపీ మాత్రలు కొనడానికి. నా ముందున్న ఆయన పత్తికొండ వైపు రైతు. చొక్కా పైకెత్తి నడుము దగ్గర చూపిస్తూ, "అన్నా, నవ ఎక్కువైంది, గజ్జి ట్యూబు ఒకటి ఇయ్యి" అన్నాడు. షాపతను మచ్చ వైపు చూడనే లేదు. అరలోంచి ఒక ట్యూబు తీసి ఇచ్చి డబ్బులు తీసుకున్నాడు. అర నిమిషంలో బేరం అయిపోయింది.

ఆయన నడుము మీద ఉన్నది గజ్జి కాదు. గుండ్రంగా తిరిగిన ఎర్రటి అంచు, ఆ అంచు మీద సన్నటి పొలుసు, మధ్యలో చర్మం దాదాపు మామూలుగా ఉంది. అది తామర. నేను డాక్టర్‌ను కాను. ఏడాదిన్నర పాటు మా ఇంట్లో అలాంటి మచ్చనే చూశాను కాబట్టి గుర్తుపట్టాను.

గజ్జి, తామర అని మనం జంటగానే పలుకుతాం. గోడల మీద, ఆయింట్‌మెంటు డబ్బాల మీద కూడా ఈ రెండూ ఒకే వరసలో ఉంటాయి. కానీ గజ్జి ఒక పురుగు వల్ల వస్తుంది, తామర బూజు జాతికి చెందిన ఫంగస్ వల్ల వస్తుంది. దాని మందు దీనికి పనిచేయదు. మన సీమలో చర్మరోగాలు ముదిరిపోవడానికి ఎండ, చెమట, నీళ్ల కరువు కారణాలే. చర్మం ఎలా కట్టి ఉందో, ఒంటి మీద వచ్చినదాన్ని ఏమని చెప్పాలో జనానికి ఎవరూ నేర్పకపోవడం కూడా అంతే పెద్ద కారణమని నా నమ్మకం.

చర్మం మూడు పొరలు. అన్నిటికంటే పైది బాహ్యచర్మం. కనురెప్ప మీద ఇది మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు, అరికాలిలో ఒకటిన్నర మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఇందులో రక్తనాళాలు లేవు, అందుకే పైపైన గీరుకుపోతే రక్తం రాదు. అడుగున పుట్టిన కణం మెల్లగా పైకి జరుగుతూ, చచ్చి, కెరటిన్ అనే ప్రొటీన్ నిండిన రేకులా మారి రాలిపోవడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. ఆ చచ్చిన పొరలోని కెరటినే తామర ఫంగస్‌కు తిండి. ఒకచోట మొదలై చుట్టూ తింటూ బయటికి పోతుంది కాబట్టే మచ్చకు అంచు ఉబ్బి, మధ్య చల్లబడి, చక్రంలా కనిపిస్తుంది.

గజ్జి పురుగు కాపురం కూడా ఈ పైపొరలోనే. ఆడ పురుగు మిల్లీమీటరులో మూడో వంతు ఉంటుంది. చర్మంలో సన్నటి సొరంగం తవ్వి అందులో గుడ్లు పెడుతుంది. వేళ్ల సందులు, మణికట్టు, బొడ్డు చుట్టూ చిన్న చిన్న పొక్కులు వస్తాయి, రాత్రిపూట దురద నిద్రపోనివ్వదు. ఇంట్లో ఒకరికి ఉంటే దురద లేనివాళ్లతో సహా అందరూ ఒకే రోజు మందు పూసుకోవాలి. లేదంటే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది.

రెండో పొర అంతశ్చర్మం. రక్తనాళాలు, నరాలు, వెంట్రుకల కుదుళ్లు, చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ అన్నీ ఇక్కడే. చెమట గ్రంథులు ఒంటి మొత్తం మీద 20 నుంచి 40 లక్షల దాకా ఉంటాయి. కడపలో మే నెల ఎండకు వాటి నాళాలు మూసుకుపోతే వచ్చేవే చెమటకాయలు. దాని కింద మూడోది కొవ్వు పొర.

ఇప్పుడు ఆ ట్యూబు సంగతి. ఇలా అడిగిన వెంటనే చేతిలో పెట్టే ట్యూబుల్లో చాలావాటిలో ఒక ఫంగస్ మందు, ఒక యాంటీబయాటిక్, వాటితో పాటు ఘాటైన స్టెరాయిడ్ కలిపి ఉంటాయి. స్టెరాయిడ్ పూయగానే ఒళ్లు ఫంగస్‌తో చేసే పోరాటం ఆగిపోతుంది. దురద తగ్గుతుంది, ఎరుపు తగ్గుతుంది, రెండు రోజుల్లో నయమైనట్టే అనిపిస్తుంది. ఫంగస్ మాత్రం అడ్డు లేకుండా పాకుతుంది. ఆపగానే రెట్టింపు దురద, మళ్లీ ట్యూబు. మా చిన్నాయన ఇలా ఏడాదిన్నర పూశాడు. రూపాయి బిళ్లంత మచ్చ నడుమంతా చుట్టుకుంది, గజ్జల్లోకి దిగింది. అంచు చెదిరిపోయి, అది తామరని గుర్తుపట్టడానికి కూడా వీల్లేకుండా అయింది. గజ్జల్లో చర్మం పలచబడి, గర్భిణుల పొట్ట మీద ఉండే చారల్లాంటివి పడ్డాయి. స్టెరాయిడ్ కొల్లాజెన్‌ను తినేస్తే పడే చారలు అవి. మచ్చ పోయినా అవి పూర్తిగా పోవు.

ఒకే క్రీము ఒక్కో చోట ఒక్కోలా ఇంకుతుంది. 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ అనే పరిశోధకులు దీన్ని కొలిచారు. ముంజేతి మీద ఇంకేది ఒక వంతు అనుకుంటే నుదుటి మీద 6 వంతులు, దవడ దగ్గర 13, వృషణాల చర్మం మీద ఏకంగా 42 వంతులు ఇంకుతుంది. అరికాలిలో ఏడో వంతు మాత్రమే. తెల్లబడాలని ఆడపిల్లలు ఇవే క్రీములు ముఖానికి రాసుకుంటున్నారు. కొన్ని నెలలకు ముఖం ఎర్రబడి, ఎండకు మండి, మొటిమలు లేచి, క్రీము మానితే భరించలేని స్థితికి వస్తుంది. 2018లో కేంద్ర ఆరోగ్య శాఖ 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని ఉత్తర్వు ఇచ్చింది. నేను నిలబడ్డ షాపులో చీటీ అన్న మాటే రాలేదు.

తెల్లమచ్చ విషయంలో ఈ తెలియనితనం ఇంకా క్రూరంగా ఉంటుంది. చర్మానికి రంగునిచ్చే కణాలు బాహ్యచర్మం అట్టడుగున ఉంటాయి. నల్లగా ఉన్నవాళ్లకైనా, ఎర్రగా ఉన్నవాళ్లకైనా వాటి సంఖ్య దాదాపు ఒకటే, అవి తయారుచేసే మెలనిన్‌లోనే తేడా. ఆ కణాలు నశిస్తే పాలలా తెల్లటి మచ్చ వస్తుంది, అది బొల్లి. ఇది అంటుకోదు, స్పర్శ పోదు. కుష్ఠు మచ్చ అంత తెల్లగా ఉండదు, వెలిసినట్టో ఎర్రగానో ఉంటుంది. దానికి కారణమైన బ్యాక్టీరియా నరాలను పట్టుకుంటుంది కాబట్టి మచ్చ మీద స్పర్శ తగ్గుతుంది. దూది అంచుతో తాకి చూస్తే తెలిసే తేడా ఇది! కుష్ఠుకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం, రకాన్ని బట్టి 6 నెలలో 12 నెలలో వాడితే నయమవుతుంది. ఇక చిన్నపిల్లల బుగ్గల మీద పాలిపోయిన మచ్చలు చూసి కడుపులో పురుగులంటారు, అవి చాలాసార్లు పొడిబారిన చర్మం వల్ల వచ్చేవే. ఇవన్నీ "తెల్లమచ్చ" అన్న ఒక్క మాట కింద చేరిపోయి, ఏ జబ్బో తేలకముందే పెళ్లిళ్లు ఆగిపోతున్నాయి.

మనకు మాటలు లేక కాదు. మచ్చ, పొక్కు, నీటిపొక్కు, చీముపొక్కు, దద్దు, పొలుసు, పక్కు, పగులు, పుండు. వైద్య విద్యార్థులు మాక్యూల్, పాప్యూల్, వెసికిల్, పస్ట్యూల్, వీల్ అని నేర్చుకునేవాటికి మన అవ్వల నోట్లో ఎప్పుడో పేర్లున్నాయి. కళ్లు మూసుకుని వేలితో తడిమితే తగలనిది మచ్చ, తగిలేది పొక్కు. ఒకచోట లేచి ఒక రోజులోపే మాయమయ్యేది దద్దు. సర్పి అన్న పేరే చూడండి. నరం దారి పట్టుకుని ఒంటికి ఒకే పక్క పాములా సాగే నీటిపొక్కుల వరసను ఎంత సరిగ్గా గమనించి పెట్టారో! అయితే పేరు పెట్టినవాళ్లు ఎర్రమట్టి పూయించారు, మనమూ అదే పూయిస్తున్నాం. చిన్నప్పుడు ఆటలమ్మ పోసిన వైరస్సే నరాల్లో దాక్కుని మళ్లీ లేస్తే వచ్చేది సర్పి. పొక్కులు లేచిన 72 గంటల్లోపు మాత్రలు మొదలుపెడితే బాగా పనిచేస్తాయి. ఆ మూడు రోజులూ మట్టి పూతలో పోతున్నాయి.

ఓపీలో డాక్టర్ ఇంగ్లీషులో రాసిన చీటీ రైతుకు అర్థం కాదు. చీటీ మీద తెలుగులో "తామర" అని, "తగ్గినట్టున్నా నాలుగు వారాలు ఆపకూడదు" అని రెండు ముక్కలు రాయడానికి ఎంతసేపు పడుతుంది? ఎనిమిదో తరగతి పుస్తకంలో చర్మం బొమ్మ పక్కన మన జబ్బుల పేర్లు వేస్తే, ఏది ఏ పొరలో ఉంటుందో చూపిస్తే, పిల్లలే ఇంట్లో పెద్దల చేత ట్యూబు మాన్పిస్తారు.

మా చిన్నాయనను చివరికి చూసిన డాక్టరమ్మ మొదట అడిగింది, "ఏం పూస్తున్నావు? అన్నీ తెచ్చి చూపించు" అని. మర్నాడు ఆయన క్యారీబ్యాగులో ఖాళీ ట్యూబులు తీసుకెళ్లాడు. ఆమె మచ్చ అంచు మీద బ్లేడుతో మెల్లగా గీకి, ఆ పొట్టును గాజుపలక మీద వేసి, ఒక చుక్క మందు వేసి, కాసేపు ఆగి, మైక్రోస్కోపు కింద పెట్టింది. తాను చూసి, ఆయన్నీ చూడమంది. కొమ్మలు చాచిన సన్నటి దారాల్లాంటివి కనిపించాయట. "ఇదేనామ్మా నన్ను నిద్రపోనియ్యంది" అన్నాడట చిన్నాయన. రెండు నెలలు మాత్రలు మింగాడు, తువ్వాలు వేరు చేసుకున్నాడు, బట్టలు ఎండలో తిరగేసి ఆరేశాడు.

ఇప్పుడు ఊళ్లో ఎవరైనా నవ పెడుతోందని అంటే, ఆయన ముందు మచ్చను వెలుతురులోకి తిప్పమంటాడు. "అంచు ఎట్లుందిరా? మధ్యలో ఏముంది? ఇంట్లో ఇంకెవరికన్నా ఉందా?" అని అడిగి, ఓపీ ఏయే రోజుల్లో ఉంటుందో చెప్పి పంపిస్తాడు.