పాట కోసం పెట్టె

మా ఇంట్లో పాట వినపడి ఏడు నెలలైంది. కారణం మరేం లేదు, ఇకనుంచి మంచి సౌండుతో పాటలు విందామని నిర్ణయించుకున్నాం.

స్టీరియో ఉంది. నడుమెత్తు స్పీకర్లు రెండూ హాల్లో ద్వారపాలకుల్లా నిలబడి ఉన్నాయి. కావాల్సిందల్లా సీడీలన్నీ ఒకచోట దాచి, అడిగిన పాట తీసి వినిపించే హార్డ్ డిస్క్ పెట్టె. దాన్ని మ్యూజిక్ సర్వర్ అంటారు. నెల్లూరు వేదాయపాళెంలో ఉండేవాడికి అంత అవసరమా అని అడక్కండి. చేపల పులుసు మర్నాటికి గానీ రుచికి రాదని పట్టుబట్టే ఊరు మాది. పాట దగ్గర సర్దుకుపోతామా?

మొదటి సమస్య సైజు. సీడీలో సెకనుకు 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి, ఒక్కో కొలతనీ 16 బిట్లలో రాస్తారు. నిండు సీడీ 800 ఎంబీ దాటుతుంది. ఫ్లాక్ పద్ధతిలో కుదిస్తే, ఒక్క బిట్టు పోకుండా ఇంచుమించు సగానికి దిగుతుంది. ఆ లెక్కన ఒక టెరాబైట్‌లో రెండు వేలకు పైగా సీడీలు పడతాయి. నా దగ్గరున్నవి 64. అందుకని నాలుగు టెరాబైట్లది చూస్తున్నాను. ఎకరం మొలగొలుకులు పండించేవాడు సొంత రైసు మిల్లు కట్టించుకోకూడదని ఏ చట్టంలో ఉంది?

రెండోది చప్పుడు. మామూలు హార్డ్ డిస్క్‌లో పళ్లెం నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంది, కొన్నిట్లో 7,200. ఆ గుయ్యిమనే మోతకి పాటలోని నిశ్శబ్దం పాడవుతుందని మా బామ్మర్ది హెచ్చరించాడు. తిరిగేవి ఏవీ లేని ఎస్సెస్‌డీకి ఆ బాధ లేదు, ధర బాధ ఉంది. సరే, కాపాడాల్సిన ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో విందామని ఒక సాయంత్రం ఇద్దరం హాల్లో కళ్లు మూసుకుని కూర్చున్నాం. ముందు ఫ్యాను వినపడింది. కట్టేశాం. రోహిణి కార్తె, చెమట కారిపోతోంది. తర్వాత ఫ్రిజ్జు. ఆ తర్వాత వంటింట్లో మిక్సీ. అది ఆగేసరికి వీధిలో పాత ఇనప సామాన్ల బండి మైకు. బామ్మర్ది కళ్లు తెరవకుండానే అన్నాడు: "గొంతు ఎంత క్లియర్‌గా ఉందో చూశారా బావా?"

డిస్కు చెడిపోతే? దానికి జంట డిస్కులు పెట్టాలట, రెండూ ఒకటే రాసుకుంటాయి. "నేను పొరపాటున ఏదన్నా చెరిపేస్తే?" అంది మా ఆవిడ. రెండిట్లోనూ ఒకేసారి పోతుందన్నాను. కాబట్టి బ్యాకప్‌కి మూడోది. ఇల్లు మునిగితే? కావలిలో మామగారింట్లో నాలుగోది. "ఆ సీడీలు బీరువాలోనే ఉంటాయి కదండీ?" అంది. ఆ ప్రశ్నని సబ్ కమిటీకి పంపాం.

పాటని సున్నాలూ ఒకట్లుగా మోసుకొచ్చే వైరు ఖరీదు పెరిగేకొద్దీ ఆ సున్నాలు ఇంకా గుండ్రంగా వస్తాయా అన్న విషయంలో మాత్రం నాకూ బామ్మర్దికీ ఏకాభిప్రాయం కుదరలేదు.

ఈలోగా సీడీలు బయటికి తీశాను. 64లో 50 ట్రంకు రోడ్డు మీద కొన్నవే, ఒక్కోదాంట్లో నూటయాభై పాటలు. అన్నీ 128 కేబీపీఎస్ ఎంపీత్రీలు. అసలు సీడీలో ఉండే సమాచారంలో పదకొండో వంతు. అవి కూడా ఎవరో పుణ్యాత్ముడు క్యాసెట్ పెట్టి కంప్యూటర్లోకి ఎక్కించినవి. పల్లవికి ముందు టేపు సుస్సుమంటుంది. వీటిని ఫ్లాక్‌లోకి మార్చినా పోయిన పది వంతులూ తిరిగి రావు. ఉన్న ఆ సుస్సు మాత్రం ఒక్క బిట్టు పోకుండా భద్రంగా ఉంటుంది.

వాటిలో ముప్పాతిక మా బాలు గారివే. ఆయన 2020లో తిప్పరాజువారి వీధిలోని సొంత ఇంటినే వేద పాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశారు. నేనేమో ఆయన పాటలకి ఇల్లు వెతుకుతున్నాను.

చివరికి మొన్న రొట్టెల పండక్కి వెళ్లాను. స్వర్ణాల చెరువులో మోకాళ్ల లోతున నిలబడి, కోరిక తీరినవాళ్ల దగ్గర ఆ కోరిక రొట్టె తీసుకోవాలి. ఇల్లు రొట్టె, పెళ్లి రొట్టె, వీసా రొట్టె అన్నీ ఉన్నాయి. "సర్వర్ రొట్టె ఎవరి దగ్గరన్నా ఉందా?" అని అరిచాను. పక్కనున్న పెద్దాయన నన్ను కిందికీ పైకీ చూశాడు.

"ఏ హోటల్లోనన్నా? ఈ వయసులో ఏం కష్టం వచ్చిందో ఏందో. ఇదిగో, ఉద్యోగం రొట్టె, తీసుకో."

తీసుకున్నాను.